పెళ్ళి సర్టిఫికెట్ కావాలి, అత్తమ్మా

హఫీజ్‌పేట్, హైదరాబాదు
28 ఆగస్టు 2011

అత్తమ్మకు,

హరిత నమస్కారాలు. మీరు, మామయ్య, హోటలు అంతా బాగున్నారని తలుస్తాను.

ఫోన్‌లో మీకు నా మాట సరిగ్గా వినపడదు. గట్టిగా అరిస్తే మీ హోటల్లో ఇడ్లీ తినేవాళ్ళంతా వింటారు. ఇది అరిచి చెప్పే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నేనూ వినయ్ విడిపోవాలనుకుంటున్నాం. కొట్లాడుకుని కాదు, కూర్చుని మాట్లాడుకునే ఈ నిర్ణయానికి వచ్చాం. ఇంట్లో తనే చెబుతానని వినయ్ మాట ఇచ్చాడు. మామయ్యతో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడి వచ్చాక "చెప్పావా?" అని అడిగితే, "అక్కడ వేరుశెనగకు వాన చాల్లేదంట" అన్నాడు. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

పైన చిరునామా చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. నానక్‌రామ్‌గూడ ఫ్లాట్‌లో నేను లేను. ఏడాది దాటింది, ఇక్కడ రైల్వే స్టేషన్ దగ్గర చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాను. మాదాపూర్‌లో నా ఆఫీసుకు ఇక్కడి నుంచే వెళ్తున్నాను. మీరు పంపే పొడులు, ఊరగాయలు వినయ్ సగం ఉంచుకుని సగం తెచ్చి ఇస్తాడు. ఆ పంపకంలో మాకెప్పుడూ తేడా రాలేదు.

లాయరు కాగితాలు అడుగుతోంది. మిగతావి సమకూర్చుకున్నాను. మీ దగ్గర్నుంచి కావలసినవి మా పెళ్ళి శుభలేఖ ఒకటి, ఇద్దరి ముఖాలూ బాగా కనిపించే పెళ్ళి ఫోటో ఒకటి. విడిపోవాలంటే ముందు పెళ్ళయిందని రుజువు చూపించాలట.

ఇది మిమ్మల్ని అడగకూడదేమో. కానీ మా అమ్మను అడిగితే ఏడుస్తుంది, కాగితం మాత్రం ఇవ్వదు. మీరు తిడతారు, కానీ ఇస్తారు.

మీ కోడలు
హరిత


నల్లగుట్లపేట, అనంతపురం జిల్లా
5 సెప్టెంబరు 2011

చిరంజీవి హరితకు,

మీ అత్త ఈశ్వరమ్మ ఆశీస్సులు. తిడతానన్నావు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఏడాదిగా చెరో ఇంట్లో ఉంటూ, నాతో ఒక్క మాట అనకుండా, నేను పంపిన నిమ్మకాయ ఊరగాయ వాటాలేసుకుని తిన్నారా? ఆ జాడీలు ఎత్తి మీ ఇద్దరి నెత్తిన వేయడానికి నేను అక్కడ లేకపోయానే!

ఇంత ఉత్తరం రాశావు, కారణం ఒక్క ముక్క రాయలేదు. కొడతాడా? తాగుతాడా? ఇంకెవరైనా ఉన్నారా? నా కొడుకే అయినా అడుగుతున్నాను. ఇక్కడ నా ఆడబిడ్డ కమలమ్మ ఊరంతా ఒకటే చెబుతోంది: "హరితకు కంప్యూటర్ ఉద్యోగం ముఖ్యం. పిల్లలు వద్దంటాది." నేను నమ్మలేదు. కానీ పోయినసారి నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే నువ్వు తల దించుకున్నావు, జవాబు చెప్పలేదు. అది మాత్రం నా మనసులో ఉంది.

శుభలేఖ పంపను. ఫోటో పంపను. దీనితో లేహ్యం డబ్బా పంపుతున్నాను. నా చేత్తో చేశాను. పొద్దున్నే పాలతో తీసుకో. ఇంట్లో ఒక పసిబిడ్డ ఏడిస్తే పెద్దవాళ్ళ ఏడుపులు వాటంతట అవే ఆగిపోతాయి.

మీ మామయ్యకు ఇంకా చెప్పలేదు. ఎట్లా చెప్పాలో నువ్వే చెప్పు.

మీ అత్త
ఈశ్వరమ్మ


హఫీజ్‌పేట్
22 సెప్టెంబరు 2011

అత్తమ్మకు,

తిట్లు క్షేమంగా అందాయి. లేహ్యం కూడా అందింది.

ముందు మీ ప్రశ్నలకు జవాబు. కొట్టడు. తాగడు. ఇంకెవరూ లేరు. వినయ్ మంచివాడు. అసలు కారణం మీకు చెప్పవలసింది నేను కాదు. ఇంతకంటే అడగొద్దు.

ఇక్కడ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ప్రభుత్వ ఆఫీసులు లేవు. ముగ్గురు పట్టే ఆటో సీట్లో ఎంతమంది పడతారో నాకిప్పుడు బాగా తెలిసింది. నిన్న ఒకావిడ టిఫిన్ బాక్సు నా ఒళ్ళో, నా బ్యాగు ఇంకొకాయన ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకు చేరాం.

మా లాయరు పేరు అఖిల. కరీంనగర్ అమ్మాయి, నాకంటే చిన్నది. లాయర్లంతా కోర్టులు బహిష్కరించి గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. నా కాగితాలు ఇవ్వడానికి అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. నేను సీమదాన్ని, ఈ టెంటులోకి ఎలా వెళ్ళాలని రోడ్డు మీదే నిలబడిపోయాను. అఖిల చేతిలో మైకు పక్కవాళ్ళకిచ్చి లేచి వచ్చింది.

"అక్కా, గాడనే నిలబడ్డవేంది? రా, కూసో. చాయ్ తాగు."

"నాది అనంతపురం కదా..." అన్నాను మెల్లగా.

"అయితేంది? విడిపోవుడంటే కొట్లాడుకునుడు గాదని పొద్దటి సంది మైకుల చెప్తున్న. నీ కేసు నాకు మస్తు పనికొస్తది."

టెంటంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మా కొలువులన్నీ మీరే తీస్కుంటిరి, ఇగ మా టెంట్ల గూడ జాగా కావాల్నా?" అన్నాడు. అఖిల ఆయన వైపు తిరిగి, "కాకా, నీ మాట సర్కారును అడుగు. గీమె తన పరేషాన్‌ల తానున్నది" అంది. ఆయన లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెళ్ళి ఎక్కడా రిజిస్టర్ కాలేదు. "కార్డు, ఫోటో ఉన్నా నడుస్తది గనీ, సర్టిఫికెట్ ఉంటే జడ్జి ముంగట సవాళ్ళు తక్కువైతయ్. ముందుగాల పెళ్ళి రిజిస్టర్ చేయించుకోండ్రి. ఎన్క విడాకులకేద్దాం" అని అఖిల సలహా ఇచ్చింది. ఇక్కడి ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి. పెళ్ళి జరిగిన ఊళ్ళో చేయించుకోవచ్చట. అంటే మీ ఊళ్ళో. సాక్షులు కూడా కావాలి.

లేహ్యం గురించి ఒక మాట, కోప్పడకండి. నేను తినలేదు. ఇది కాదు, ఇంతకు ముందు పంపినవి కూడా. మా వాచ్‌మన్ ఓదెలు భార్య లక్ష్మమ్మకు ఇస్తున్నాను. ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గిందట. "మీ అత్తది మంచి చెయ్యి బిడ్డా, ఇంకో డబ్బ పంపుమను" అంటోంది.

మీ
హరిత


నల్లగుట్లపేట
10 అక్టోబరు 2011

చిరంజీవి హరితకు,

పిల్లల కోసం నేను చేసిన లేహ్యం మోకాళ్ళకు పనిచేసిందా! దేవుడు కూడా చిరునామా చూసుకోకుండా వరాలిస్తున్నాడు. లక్ష్మమ్మకు ఇంకో డబ్బా పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివాక, మధ్యాహ్నం హోటలు మూసి మీ పెళ్ళి ఆల్బం ముందేసుకుని కూర్చున్నాను. నీకు పంపడానికి కాదు, ఊరికే చూద్దామని. నువ్వు అన్ని ఫోటోల్లోనూ నవ్వుతున్నావు. వాడి ముఖం చూస్తే పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడిలా ఉన్నాడు. తలంబ్రాల్లో అంతే, అరుంధతి చూపించేటప్పుడూ అంతే. అందరి పెళ్ళికొడుకులూ అట్లాగే ఉంటారని అప్పుడు నవ్వుకున్నాను. ఈసారి నాకు నవ్వు రాలేదు.

రండి. రిజిస్టర్ చేయించుకోండి. మీ మామయ్యతో "పిల్లలు పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవడానికి వస్తున్నారు" అని చెప్పాను. అది వినగానే ఆయన లేచి నిలబడ్డాడు. కొత్త ఇల్లు కొంటున్నారేమో, దానికోసమేమో అనుకుని ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ చెప్పి వచ్చాడు. సాక్షి సంతకం తనే చేస్తాడట.

మిగతా సగం చెప్పలేదు. నోరు రాలేదు.

మీ అత్త


హఫీజ్‌పేట్
18 అక్టోబరు 2011

అత్తమ్మా,

దీపావళి వెళ్ళిన మర్నాడు బయలుదేరుతున్నాం. ఇద్దరం ఒకే బస్సులో వస్తున్నాం.

దయచేసి ఈలోపు మామయ్యకు నిజం చెప్పండి. సంతోషంగా సంతకం చేస్తున్న మనిషికి ఆ కాగితం ఎందుకో తెలియకపోతే, అది నేను ఆయన చేత దొంగ సంతకం చేయించినట్టే.

హరిత


నల్లగుట్లపేట
31 అక్టోబరు 2011

చిరంజీవి హరితకు,

మీరు క్షేమంగా చేరారని వినయ్ ఫోన్ చేశాడు. నువ్వు రాసినా నేను చెప్పలేకపోయాను. రోజూ చెబుదామని వెళ్ళేదాన్ని, ఆయన కొత్త పంచె ఇస్త్రీ చేయించుకుంటూనో, లడ్లకు ఆర్డరు ఇస్తూనో కనిపించేవాడు.

మీరు వచ్చింది సంత రోజు. హోటలు వదిలి నేను ఆఫీసుకు రాలేకపోయాను. మీరు ముగ్గురూ తిరిగి వచ్చి ఎవరి విస్తరి వైపు వాళ్ళు చూసుకుంటూ తిన్నారు. జనం మధ్య నేను ఏమీ అడగలేకపోయాను. మీరు బస్సెక్కిన తర్వాత ఆయన ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి నుంచి "అన్నం పెట్టు", "చాలు" తప్ప వేరే మాట లేదు. ఇందాక మాత్రం ఉన్నట్టుండి "ఆ పాప మంచిది" అన్నాడు. ఏ పాప అంటే మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ఆఫీసులో ఏం జరిగింది? ఈసారి ఏదీ దాచకుండా రాయి.

మీ అత్త


హఫీజ్‌పేట్
6 నవంబరు 2011

అత్తమ్మకు,

దాచకుండానే రాస్తాను. మీకు రాయమని వినయ్ కూడా చెప్పాడు.

మేము వెళ్ళేసరికి మామయ్య ఆఫీసు మెట్ల మీదే ఉన్నారు. ఒక చేతిలో పూలదండలు, ఇంకో చేతిలో లడ్ల డబ్బా. వెంట సాక్షులుగా ఆయన స్నేహితులిద్దరు. ప్యూను దగ్గర్నుంచి, అరుగు మీద దస్తావేజులు రాసేవాళ్ళ వరకూ అందరికీ "నా కొడుకు, నా కోడలు" అని చూపించారు. మీరు చెప్పలేదని ఆ దండలు చూడగానే అర్థమైంది.

కాగితాలు బల్ల మీద పెట్టి క్లర్కు లోపలి గదిలోకి వెళ్ళాడు. మామయ్య పెన్ను తీసుకున్నారు. నేను కాగితం మీద చెయ్యి పెట్టేశాను.

"మామా, సంతకం చేసే ముందు ఒక మాట వినండి. ఈ సర్టిఫికెట్ మేము కలిసి ఉండడానికి కాదు. విడాకులకు కావాలి."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఏమంటాంది రా ఈ పాప?" అని వినయ్‌ని అడిగారు. వినయ్ నేల చూపులు చూశాడు. అప్పుడు నా వైపు తిరిగారు.

"పిల్లల్ని వద్దంటివి. ఉద్యోగం చేసుకునే పిల్ల, పోనీలే అని ఊరుకుంటిమి. ఇప్పుడు మొగుణ్ణి కూడా వద్దంటావామ్మా?"

నేను మామూలుగా చేసే పనే చేశాను. తల దించుకున్నాను. అప్పుడు వినయ్ గొంతు వినిపించింది.

"వద్దన్నది నేను, నాన్నా."

"ఏంది?"

"పిల్లలు వద్దన్నది నేను. హరిత కాదు. సంసారమే నాకు పడదు. ఈమెతో అని కాదు, ఎవరితోనూ పడదు. నాకు ఒంటరిగా ఉంటేనే బాగుంటాది. అమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది మీరు పెళ్ళి అన్నారు. కాదంటే అమ్మ ఏమైపోతాదో అని తల ఊపినా. పెళ్ళయినాక ఈమెకు నిజం చెప్పినా. అప్పట్నించి కమలమ్మత్త వాళ్ళు అన్న మాటలన్నీ నా బదులు ఈమే పడింది. ఇంక నేను చూడలేను."

వినయ్ ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మామయ్య స్నేహితులిద్దరూ గోడకున్న క్యాలెండర్ శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు.

మామయ్య పెన్ను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. వినయ్ వెనకాలే వెళ్ళబోతే నేనే ఆపాను. కిటికీలోంచి కనిపిస్తున్నారు. ఎదురు బంకు దగ్గర టీ తీసుకున్నారు, తాగలేదు. ఇక రారేమో అనుకున్నాను. వచ్చారు. వినయ్ వైపు చూడలేదు. నా ఎదురుగా కూర్చున్నారు.

"నీకు పిల్లలంటే ఇష్టమేనామ్మా?"

"ఇష్టమే, మామా."

"నీ వయసెంత?"

"ఇరవై తొమ్మిది."

"ఏం కాదులే. పుట్టాల్సినోళ్ళు ఇంకా పుడతార్లే నీకు" అని పెన్ను తీసుకుని సంతకం పెట్టేశారు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఇదేమీ తెలియని సబ్ రిజిస్ట్రారు గారు లోపలికి పిలిచి సర్టిఫికెట్ చేతికిచ్చి, "నూరేళ్ళు చల్లగా ఉండండి" అని దీవించారు. "థాంక్యూ సార్" అన్నాడు వినయ్. నాకు ఏడుపులోనే నవ్వొచ్చి పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. సిగ్గనుకుని ఆయన ఇంకా సంతోషించారు. మామయ్య దండలు ప్యూనుకిచ్చి, "గోడ మీద దేవుళ్ళకు వేయి" అన్నారు. లడ్లు మాత్రం తనే అందరికీ పంచారు. "చేయించినాక తినకుండా ఎట్లా?" అన్నారు.

అత్తమ్మా, మీకు ముందే చెప్పకపోవడానికి ఒకటే కారణం. మీ ఆపరేషన్ మాట మీరు నా నోటి నుంచి వినకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పలేదు.

మీ
హరిత


నల్లగుట్లపేట
15 నవంబరు 2011

హరితా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు దోసెలు మాడిపోయాయి.

నా ఆపరేషన్‌కు భయపడి వాడు పెళ్ళి చేసుకున్నాడా? నేను కుట్లు ఆరగానే వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాను, వాడు మాత్రం అక్కడే చిక్కుకుపోయాడు. వాడితో పాటు నిన్నూ కట్టేశాం. నీకు నేను డబ్బాలు డబ్బాలు లేహ్యం పంపాను, నువ్వు ఒక్కసారైనా "అత్తమ్మా, మీ కొడుక్కి పంపండి" అనలేదు. ఇంత నోరు మూసుకుని ఉండడం మంచిది కాదమ్మా. ఇకమీదట అట్లా ఉండొద్దు.

వాడికి కూడా ఉత్తరం రాశాను. "ఒంటరిగా ఉంటేనే నీకు బాగుంటే అట్లాగే ఉండు. నేను నీ మీద అలగను. కానీ వంట నేర్చుకో. ఒంటరివాడు హోటల్ తిండి తింటే ఏమవుతుందో హోటలు నడిపేదాన్ని, నాకు తెలుసు" అని రాశాను. సెలవు కదా, పోయిన ఆదివారం వచ్చాడు. వాడూ వాళ్ళ నాన్నా మాట్లాడుకోలేదు కానీ, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక బుట్టెడు ఉల్లిపాయలు తరిగారు. ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఉల్లిపాయలు కదా, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇంకో పని కూడా చేశాను. కమలమ్మ హోటలుకొచ్చి మసాలా దోసె చెప్పింది. జనం నిండుగా ఉన్నారు. నేను దోసె వేసి ఆమె ముందు పెట్టి, నాకు చెవుడు కదా, చెవుడున్నవాళ్ళు మాట్లాడినంత గట్టిగా చెప్పాను:

"కమలమ్మా! పిల్లలొద్దన్నది నా కోడలు కాదంట! నా కొడుకంట! నువ్వు ఇంతకు ముందు ఎవరెవరికి చెప్పినావో అందరికీ పోయి మళ్ళీ చెప్పిరా!"

"మెల్లగా వదినా, అందరూ వింటాండారు" అంది.

"ఏంది? వినపడలా!" అన్నాను.

దోసె సగంలో వదిలేసి పోయింది. చెవుడు వచ్చినందుకు మొదటిసారి సంతోషపడ్డాను.

దీనితో శుభలేఖ, ఫోటో పంపుతున్నాను. ఫోటో మీ మామయ్యే ఆల్బంలోంచి తీశాడు. "ఇందులో పాప బాగుంది" అన్నాడు.

మీ అత్త


హఫీజ్‌పేట్
24 జూన్ 2012

ఈశ్వరమ్మ గారికి,

నమస్కారాలు. పైన ఏమని రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. మొన్న శుక్రవారం మాకు విడాకులు మంజూరయ్యాయి.

లాయర్లు కోర్టుల్లోకి తిరిగి వచ్చాక కేసు వేశాం. ఆరు నెలలు ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకున్నాం. జడ్జి గారు సర్టిఫికెట్ తిప్పి చూసి, "పెళ్ళయి ఇన్నాళ్ళకు, పోయిన అక్టోబరులో రిజిస్టర్ చేయించుకున్నారా? అప్పుడు కలిసి ఉందామనుకున్నారా?" అని అడిగారు. "లేదండీ, ఇక్కడికి తేవడానికే" అన్నాడు వినయ్. జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికేమో.

బయటికొచ్చాక అఖిల మా ఇద్దరినీ బిర్యానీకి లాక్కుపోయింది. "నా కేసులల్ల గింత మంచిగ తిన్నోళ్ళను నేను చూడలే" అంది. వినయ్ తెల్లాపూర్ వైపు ఇల్లు మారాడు. మీరు నేర్పిన పులగం చేసి ఒక డబ్బా నాకిచ్చాడు. ఉప్పు ఎక్కువైంది. బాగుందని చెప్పాను.

నాకు భయంగా ఉంటుందనుకున్నాను. కోర్టు మెట్లు దిగుతుంటే ఆకలేసింది, అంతే.

ఇంకొక్క సాయం. నా పేరు మీద ఇక్కడ రేషన్ కార్డు పెట్టుకోవాలి. పెళ్ళయిన కొత్తలో మీ కార్డులో నా పేరు చేర్పించారు. అందులోంచి తీసేసినట్టు కాగితం కావాలట. మామయ్యను అడిగి ఆ ఒక్క పని చేయించగలరా? బహుశా మిమ్మల్ని అడిగే ఆఖరి కాగితం ఇదే.

ఇట్లు
హరిత


నల్లగుట్లపేట
22 జూలై 2012

హరితా,

ఈశ్వరమ్మ గారెవరు? హోటలుకు శనగపిండి వేసేవాడు రాస్తాడు అట్లా. ఇంకోసారి రాశావంటే ఉత్తరం విప్పకుండా వెనక్కి పంపిస్తాను.

నీ పని ఎందుకు ఆలస్యమైందో చెబుతాను. ఉత్తరం అందిన రోజే మీ మామయ్యకు చెప్పాను. చొక్కా వేసుకుని కార్డు తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, "క్యూ శానా పెద్దగా ఉంది" అన్నాడు. మళ్ళీ పంపాను. మళ్ళీ క్యూ అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పంపినా అదే మాట. ఇంత చిన్న ఊళ్ళో ఇంత క్యూ ఏంది అని మొన్న నేనే బయలుదేరాను. ఆఫీసు ముందు ఒక కుక్క పడుకుని ఉంది. అది తప్ప క్యూలో ఎవరూ లేరు.

లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి, "పేరు ఏంటికి తీయాలవ్వా? మనిషి పోయినారా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ నోట్లో మన్ను పొయ్య! ఉద్యోగం చేస్తా ఉంది, హైదరాబాదులో ఇల్లు పెట్టుకుంది. ఊరు మారింది అని రాయి" అన్నాను. అబద్ధం కాదు కదా. వాడు టకటకా కొట్టి, కాగితం తీసి, ముద్ర వేసి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి మీ మామయ్య ముందు పెట్టాను. క్యూ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివి, వేలితో ఒకచోట చూపించాడు. "వరస తప్పు పడింది చూడు. కోడలు అని ఉండాల్సిన చోట కూతురు అని కొట్టినాడు."

నేను చూశాను. నిజమే. హరిత, ఇంటి యజమానికి ఏమవుతుంది అన్నచోట కూతురు అని ఉంది. నేను "ఊరు మారింది" అన్నదాన్ని బట్టి ఆ పిల్లవాడు అట్లా అనుకున్నాడేమో.

"తీసుకురా, పోయి దిద్దించుకొస్తా" అన్నాను.

మీ మామయ్య కాగితం మడిచి కవరులో పెట్టి, తనే బంక అంటించాడు.

"దిద్దించాలంటే మళ్ళీ ఆ క్యూలో ఎవరు నిలబడతారు? ఉండనీ" అన్నాడు.

కవరు దీంతో పాటే పంపుతున్నాను. అట్లాగే వాడుకో.

మీ
అత్తమ్మ